ధ్యానంలో తనను తాను ప్రత్యక్షంగా తెలుసుకోవాలంటే కూర్చున్నాక అసలు ఏం చేయాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: ఏడాదికి పైగా రోజూ అరగంట ధ్యానానికి కూర్చుంటున్నారు. కూర్చున్నంతసేపూ హాయిగానే ఉంటోంది. లేచాక చూస్తే పాత కోపాలు, పాత భయాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. "నేనెవరు" అన్నదాని గురించి చదివిందీ విన్నదీ తప్ప సొంతంగా తెలిసింది ఏమీ లేదు. లోపం ఎక్కడుందని అడుగుతున్నారు.

మీరు రాసినదాన్ని బట్టి మనసు బాగానే కుదురుతోంది. కుదిరిన మనసుతో చేయాల్సిన పని మాత్రం మొదలుకావడం లేదు. ప్రశాంతత దొరకగానే అందులోనే ఉండిపోయి, టైమర్ మోగగానే లేస్తున్నారు. యోగసాధనలో ఆ ప్రశాంతత ఒక పనిముట్టు. దాన్ని చేతపట్టుకుని చూడాల్సినవి వేరే ఉన్నాయి: ఒక ఆలోచన ఎలా లేస్తోంది, దాన్ని "ఇది నాది" అని పట్టుకునే క్షణం ఎప్పుడొస్తోంది, పట్టుకోకముందు అక్కడ ఏముంది. ఈ మూడూ చూడకుండా పదేళ్లు కూర్చున్నా విశ్రాంతి దొరుకుతుంది కానీ స్వీయజ్ఞానం దొరకదు.

ముందుగా ప్రత్యక్షం అంటే ఏమిటో తేల్చుకుందాం, ఎందుకంటే చాలామంది దారి తప్పేది ఇక్కడే. పతంజలి యోగసూత్రాల్లో మొదటి భాగమైన సమాధిపాదం 7వ సూత్రం సరైన జ్ఞానానికి మూడు దారులు చెబుతుంది: ప్రత్యక్షం, అనుమానం, ఆగమం. నేరుగా చూసింది మొదటిది, గుర్తుల్ని బట్టి తేల్చుకున్నది రెండోది, నమ్మదగినవారు చెప్పగా తెలిసింది మూడోది. అదే పాదం 49వ సూత్రం ఇంకో మాట అంటుంది: సమాధిలో, అంటే మనసు పూర్తిగా ఒకేదానిలో లీనమైన స్థితిలో, కలిగే ప్రజ్ఞ విన్నదానికీ ఊహించినదానికీ అందని విషయాన్ని పట్టుకుంటుంది, ఎందుకంటే అది విశేషాన్ని, అంటే ఎదుట ఉన్న ఆ ఒక్కదాన్నే, చూస్తుంది. విన్నదీ ఊహించిందీ ఎప్పుడూ సామాన్యం, అంటే అన్నిటికీ వర్తించే లక్షణం, గురించే చెప్పగలవు.

దీన్ని మన విషయానికి అన్వయించి చూడండి. "నీకు కోపమెక్కువ" అని ఇంట్లోవాళ్లు చెప్పడం ఆగమం. "నిన్న అరిచాను, మొన్న అరిచాను, కాబట్టి నాకు కోపమెక్కువ" అనుకోవడం అనుమానం. ఇప్పుడు, ఈ ఊపిరిలో, దవడ బిగిసింది, ఛాతీ పైభాగాన వేడి లేచింది, "నన్ను లెక్కచేయలేదు" అన్న మాట లోపల రెండుసార్లు వినిపించింది, చేతివేళ్లు ముడుచుకున్నాయి. ఇది ప్రత్యక్షం. మన గురించి మనకు తెలుసనుకునే వాటిలో అత్యధిక భాగం ఆగమం, అనుమానం రకాలే. ధ్యానం ప్రత్యక్షాన్ని ఇవ్వగలదు, మనం దానికి చోటిస్తేనే.

ఇందులోంచి ఒక కచ్చితమైన నియమం వస్తుంది: కూర్చున్నప్పుడు "ఎందుకు" అని అడగకండి, "ఏమిటి" అని మాత్రమే అడగండి. "నాకెందుకిలా అనిపిస్తోంది?" అనగానే మనసు కారణాలు అల్లడం మొదలుపెడుతుంది, ఆ అల్లికను మనం ఆత్మపరిశీలన అనుకుంటాం. ఆ కారణాలు ఎంత నమ్మదగనివో చూపించే ప్రసిద్ధమైన ప్రయోగం ఒకటుంది. మనస్తత్వవేత్తలు రిచర్డ్ నిస్‌బెట్, తిమోతి విల్సన్ 1977లో ప్రచురించిన వ్యాసంలో దాని వివరాలున్నాయి. వరసగా పెట్టిన నాలుగు జతల నైలాన్ మేజోళ్లలో ఏవి బాగున్నాయో ఎంచమని జనాన్ని అడిగారు. నాలుగూ అచ్చంగా ఒకటే. అయినా కుడిచివర ఉన్నవాటిని ఎంచినవాళ్లు ఎడమచివరవాటిని ఎంచినవాళ్ల కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. కారణం అడిగితే నాణ్యత గురించి చెప్పారు కానీ, వరసలో ఉన్న చోటు గురించి ఎవరూ తమంతట తాము ప్రస్తావించలేదు. వాళ్లు అబద్ధమాడలేదు. తమ మనసులో జరిగినదాన్ని చూడకుండానే దానికి సరిపోయే కారణాన్ని నిజాయితీగా కల్పించుకున్నారు. కళ్లు మూసుకుని కూర్చున్నంత మాత్రాన ఈ అలవాటు పోదు. "ఏమిటి" అన్న ప్రశ్న దగ్గరే నిలబడితే దానికి మేత తగ్గుతుంది.

ఇక ఆసనం. దీన్ని చిన్నచూపు చూడకండి, ఎందుకంటే శరీరం పోరుపెడుతుంటే సూక్ష్మమైనవేవీ కనిపించవు. యోగసూత్రాల రెండో భాగమైన సాధనపాదం 46వ సూత్రం స్థిరం, సుఖం అని రెండే లక్షణాలు చెప్పింది. 47వది ప్రయత్నాన్ని సడలించమంటుంది. నేల మీద కూర్చునేవారు పిరుదుల కింద నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తున గట్టి దిండు గానీ మడిచిన దుప్పటి గానీ పెట్టుకోవాలి. ముందంచు మీద కూర్చోండి. మోకాళ్లు తుంటికంటే కిందికి ఉండాలి. తుంటికంటే పైకి లేచి ఉంటే నడుము వెనక్కి వంగిపోతుంది, పది నిమిషాల్లో వీపు నొప్పి మొదలవుతుంది, ఛాతీ కుంగి ఊపిరి ఇరుకవుతుంది. మోకాలు గాల్లో తేలుతుంటే దాని కింద ఇంకో చిన్న దిండు పెట్టండి. కుర్చీ అయితే వీపు ఆనించకుండా, పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనేలా కూర్చుంటే చాలు. పద్మాసనం తప్పనిసరి కాదు. బలవంతంగా వేస్తే ఆ మెలిక మోకాలి కీలు మీద పడుతుంది. గడ్డం కొంచెం లోపలికి, నాలుక కొస పై పళ్ల వెనక, దవడ వదులుగా.

కాలు తిమ్మిరెక్కితే రక్తం ఆగిపోయిందని కంగారు పడతారు. చాలావరకు అది నరం మీద ఒత్తిడి. కాలు స్థానం మార్చండి. గుర్తుంచుకోవాల్సిందల్లా మొద్దుబారిన కాలితో హఠాత్తుగా లేవకూడదని, మడమ తిరిగి పడే ప్రమాదం ఉంది. దురద, బరువు, వీపులో మామూలు నొప్పి గమనించదగినవే. మోకాలి కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం గమనిస్తూ కూర్చోకండి, వెంటనే కాలు చాపండి.

మొదటి పది నిమిషాలు ఊపిరికివ్వండి. యోగసూత్రాల మూడో భాగమైన విభూతిపాదం మొదటి సూత్రం ప్రకారం చిత్తాన్ని ఒక చోట కట్టివేయడం ధారణ. ఆ చోటుగా ముక్కుపుటాల అంచు, పైపెదవి మధ్యభాగం లేదా పొట్ట ఎత్తుపల్లాలు తీసుకోవచ్చు. ఏదో ఒకటి ఎంచుకుని కనీసం ఒక నెల మార్చకండి. నిద్ర తూగేవారికి ముక్కు అంచు, ఆందోళన ఎక్కువున్నవారికి పొట్ట నప్పుతుంది. ఊపిరి వదిలినప్పుడల్లా ఒకటి చొప్పున పది దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రండి. లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వెతక్కుండా ఒకటి నుంచి మొదలుపెట్టండి. మూడు చుట్లు తప్పకుండా పూర్తయితే లెక్క వదిలేసి స్పర్శను మాత్రం పట్టుకోండి.

బాగా చెదిరి ఉన్న రోజున ముందు ఒక మూడు నిమిషాలు నాలుగు సెకన్లు పీల్చి ఆరు సెకన్లు వదలండి. నిమిషానికి ఆరు ఊపిరులవుతాయి. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి (మెదడు నుంచి గుండెకు వెళ్లి దాన్ని నెమ్మదింపజేసే నరం) ప్రభావం పెరిగి గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదలడాన్ని పొడిగిస్తాం. దాన్ని వదిలేసి లోతుగా, వేగంగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తేలిపోతుంది, వేళ్ల కొసలూ పెదాలూ జిలజిలమంటాయి. దాన్ని శక్తి మేల్కోవడంగా పొరబడినవారు చాలామంది ఉన్నారు. అది ఊపిరి ఎక్కువైపోవడం. సహజమైన ఊపిరికి తిరిగొస్తే కాసేపట్లో సర్దుకుంటుంది. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారూ గర్భిణులూ ఊపిరి బిగబట్టే కుంభకాలు సొంతంగా చేయకూడదు. ఈ సాధనకు వాటి అవసరమూ లేదు.

ఇక్కడితో మీరు ఇప్పుడు చేస్తున్న సాధన అయిపోతుంది. తర్వాత చేయాల్సిందే మీకు కొత్త.

దురదతో మొదలుపెట్టండి. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ దీనికంటే మంచి పాఠ్యాంశం దొరకడం కష్టం, ఎందుకంటే ఇందులో బతుకు కథ ఏమీ ఉండదు, ప్రక్రియ మాత్రమే ఉంటుంది. చెంప మీద దురద పుడుతుంది. చేయి కదపకండి. అది కచ్చితంగా ఎక్కడ ఉంది? చుక్కంతా, రూపాయి బిళ్లంతా? అంచులు స్పష్టంగా ఉన్నాయా? ఒకేలా ఉందా, వచ్చి పోతోందా? రెండు మూడు ఊపిరుల తర్వాత ఇంకొకటి గమనించండి: ఆ స్పర్శ పక్కనే "వద్దు" అనే ఒక అయిష్టం ఉంది. అది చెంపలో లేదు. చాలామందికి కడుపు పైభాగంలోనో, కనుబొమల మధ్యనో చిన్న బిగుతుగా దొరుకుతుంది. మూడోది, చేయి కదలడానికి సిద్ధపడటం. భుజంలో, మోచేతిలో ఆ సన్నాహం తెలుస్తుంది, చేయి ఇంకా కదలకముందే. నాలుగోది, "నాకు దురదగా ఉంది" అన్న మాట.

స్పర్శ, అయిష్టం, కదలాలన్న తోపుడు, "నాకు" అన్న ముద్ర. ఇంతకుముందు ఈ నాలుగూ కలిసి ఒకే ముద్దగా "దురద" అనిపించాయి. అవి విడివిడిగా కనిపించిన రోజున మీకు మీ గురించి ఒక నిజమైన సంగతి తెలిసినట్టు, అది ఎవరూ చెప్పగా విన్నది కాదు. సాధనపాదం 7, 8 సూత్రాల్లో సుఖాన్ని వెన్నంటి వచ్చేది రాగం, దుఃఖాన్ని వెన్నంటి వచ్చేది ద్వేషం అని ఉంటుంది. వెన్నంటి రావడం అంటే ఏమిటో ఇక్కడ కంటికి కట్టినట్టు అర్థమవుతుంది: స్పర్శ ముందు, అయిష్టం తర్వాత, మధ్యన సందు ఉంది. పెద్ద కోపంలోనూ అదే సందు ఉంటుంది, వేగం వల్ల కనిపించదు. పొయ్యి మీద పాలు పొంగాక ఎవరికైనా తెలుస్తుంది. అంచున మొదటి నురగ కదిలినప్పుడే చూడగలిగిన కన్ను ఈ దురద దగ్గర తయారవుతుంది.

ఇందులో సాధారణంగా జరిగే తప్పు, దురదను భరించడం ఒక పందెంలా తీసుకోవడం. పళ్లు బిగించి ఓర్చుకుంటుంటే మీరు చూస్తున్నది ఓర్పును, దురదను కాదు. ఒళ్లు బిగిసిపోతోందని తెలిస్తే నెమ్మదిగా, తెలిసి తెలిసి గోక్కోండి. గోకాక వచ్చే ఉపశమనాన్ని కూడా అంతే జాగ్రత్తగా చూడండి, రాగం పుట్టేది అక్కడే.

రెండు మూడు వారాలు ఇలా శరీరంలోని స్పర్శలతో పనిచేశాక ఆలోచనల వైపు రండి. తొందరపడి నేరుగా ఆలోచనల మీద పడితే, చూస్తున్నామనుకుంటూనే వాటిలో కొట్టుకుపోతాం. ఆలోచన తెలిసిన వెంటనే రెండే గమనించండి: అది మాటగా వచ్చిందా, బొమ్మగా వచ్చిందా? జరిగినదా, కల్పించినదా? పతంజలి చెప్పిన అయిదు వృత్తుల్లో (మనసు కదలికల్లో), అంటే ప్రమాణం (సరైన జ్ఞానం), విపర్యయం (తప్పు జ్ఞానం), వికల్పం (కల్పన), నిద్ర, స్మృతుల్లో (జ్ఞాపకాల్లో), కూర్చున్నవారిని ఎక్కువగా లాక్కుపోయేవి స్మృతి, వికల్పం. మనసులోనే "జ్ఞాపకం" లేదా "కల్పన" అని ఒక్కసారి పేరు పెట్టి ఊపిరికి తిరిగి రండి. పేరు పెట్టడానికి ఒక్క క్షణానికి మించి పట్టకూడదు. ఇది జ్ఞాపకమా కల్పనా అని తర్కిస్తున్నారంటే అదే కొత్త ఆలోచన.

ఇంకో ప్రశ్న చేర్చండి, నా దృష్టిలో స్వీయజ్ఞానానికి ఇంతకంటే సూటిగా పనికొచ్చేది లేదు. లోపల మాటలు నడుస్తున్నప్పుడు అవి ఎవరితో అంటున్నారో చూడండి. మన లోపలి సంభాషణలో చాలా భాగం ఎవరో ఒకరికి చెప్పుకునేది: సంజాయిషీ, వాదన, గొప్ప, ఫిర్యాదు. ఎదుట ఒక శ్రోత ఉంటారు. తండ్రి కావచ్చు, పై అధికారి కావచ్చు, ఎన్నడో తెగిపోయిన స్నేహితుడు కావచ్చు, ముఖం లేని జనం కావచ్చు. ఆ శ్రోత ఎవరో తెలియగానే ఆ వాక్యం చాలాసార్లు మధ్యలోనే ఆగిపోతుంది. పది రోజులు చూస్తే ఇద్దరు ముగ్గురు శ్రోతలే మారి మారి వస్తుంటారని బయటపడుతుంది. మీరు ఎవరి ఎదుట నిలబడి బతుకుతున్నారో ఇంతకంటే స్పష్టంగా ఏ విశ్లేషణా చెప్పదు. మళ్లీ హెచ్చరిస్తున్నాను: "ఆయనకే ఎందుకు చెబుతున్నాను?" దగ్గరికి వెళ్లకండి. ఎవరో తెలిసింది, ఆ సమయంలో ఒంట్లో ఏముందో తెలిసింది, చాలు.

ఇప్పుడు "నేను" అన్న ముద్ర. సాధనపాదం 6వ సూత్రం అస్మితను, అంటే నేను అన్న భావాన్ని, చూచేవాడి శక్తీ, చూపుకు సాధనమైన బుద్ధి శక్తీ ఒకటే అన్నట్టు తోచడంగా నిర్వచిస్తుంది. దీన్ని సిద్ధాంతంగా వదిలేయకుండా శబ్దం మీద పరీక్షించండి. ధ్యానంలో ఉండగా బయట ఏదో చప్పుడవుతుంది. మొదట చప్పుడు తెలుస్తుంది, ఇంకా పేరు లేదు. తర్వాత "తలుపు" అన్న పేరు. ఆ తర్వాత "నా ధ్యానం చెడిపోయింది". మూడో దశలో మాత్రమే "నేను" ఉన్నాను. మొదటి దశలో వినడం ఉంది, చెడిపోయిన నేను లేను. ఈ క్రమం ఒక్కసారి స్పష్టంగా పట్టుబడితే, మనం నేను అని నిరంతరంగా ఉందనుకునేది నిజానికి తెరలు తెరలుగా, సంఘటన తర్వాత వచ్చి చేరుతోందని తెలుస్తుంది. దీన్ని నమ్మాల్సిన పనిలేదు. చప్పుళ్లకు కొరత ఉండదు, ఎన్నిసార్లయినా సరిచూసుకోవచ్చు.

ఇక్కడొక చిక్కు వస్తుంది. ఆలోచనను అది నడుస్తుండగా పట్టుకోలేకపోతున్నానని, ఎప్పుడూ అయిపోయాకే తెలుస్తోందని చాలామంది నిరాశపడతారు. యోగసూత్రాల చివరి భాగమైన కైవల్యపాదం 20వ సూత్రం చిత్తం ఒకే సమయంలో విషయాన్నీ, తననూ రెండింటినీ గ్రహించలేదంటుంది. కాబట్టి ఆలోచనకు మీరు అరక్షణం వెనకే ఉంటారు, అది మీ లోపం కాదు. అభ్యాసంతో తగ్గేది ఆలస్యం. మొదట్లో ఆలోచన మొదలైన రెండు నిమిషాలకు తెలివి వస్తుంది, కొన్ని నెలలకు రెండో వాక్యానికే వస్తుంది.

చివరి మెట్టు చూచేవాడి వైపు తిరగడం. దృగ్దృశ్య వివేకం అనే అద్వైత గ్రంథం మొదటి శ్లోకంలో ఉన్న వరస దీనికి చక్కగా సరిపోతుంది: రూపం దృశ్యం, కన్ను చూసేది, కన్ను దృశ్యం, మనసు చూసేది, మనోవృత్తులు దృశ్యాలు, సాక్షి చూసేవాడు, సాక్షి మాత్రం ఎప్పుడూ దృశ్యం కాడు. అభ్యాసంలో దీన్ని అయిదు నిమిషాలకు మించి పొడిగించకండి, అదీ మనసు బాగా తేటపడ్డ రోజునే. ఒంటి బరువు తెలుస్తోంది, కాబట్టి అది తెలియబడేది. ఊపిరి తెలియబడేది. ఇప్పటి మూడ్, దిగులో తేలికో, తెలియబడేది. వచ్చిన ఆలోచన తెలియబడేది. ఒక్కోదాని దగ్గరా మూడు నాలుగు ఊపిరులు ఆగండి. చివరికి "నేను గమనిస్తున్నాను" అన్న ఆలోచన కూడా వస్తుంది, అదీ తెలియబడేదే. అక్కడ ఆగండి, ఇంకా వెతక్కండి.

ఎక్కువమంది ఇక్కడ చేసే పొరపాటు, కళ్ల వెనక ఎక్కడో కూర్చుని చూస్తున్న ఒక సాక్షిని తయారు చేసుకోవడం. చాలా నమ్మకంగా అనిపిస్తుంది. దాన్ని దగ్గరగా చూడండి: కళ్ల చుట్టూ, నుదుట కొంచెం బిగుతు, దానికి తోడు తల లోపలి చోటు గురించిన ఒక మసక బొమ్మ. రెండూ తెలుస్తున్నాయి, కాబట్టి అవీ దృశ్యాలే. కళ్లు వదులు చేస్తే ఆ కాపలాదారు పలుచబడతాడు, తెలియడం మాత్రం ఏమీ తగ్గదు. వెతుకులాట ఆగిన ఆ కొద్ది క్షణాల్లో ఉండగలగడమే ఈ అభ్యాసం. అది మొద్దుతనంగా, ఏమీ తెలియని శూన్యంగా మారితే లయలోకి, అంటే నిద్రలాంటి మత్తులోకి, జారుతున్నారని గుర్తు, ఊపిరికి వచ్చేయండి.

ఆ అనుభవానికి ఏ పేరు పెట్టాలన్నది వేరే సంగతి. సాంఖ్యయోగం పురుషులు, అంటే చూచే చైతన్యాలు, అనేకమంటుంది, అద్వైతం ఆత్మ ఒక్కటే అంటుంది, బౌద్ధం ఆత్మ అనే నిత్యవస్తువే లేదంటుంది. ముగ్గురూ ధ్యానం చేసినవారే. మీకు ప్రత్యక్షంగా తెలిసేది, చూడగలిగిన ప్రతిదీ వచ్చి పోతోందని, మీరు నేను అనుకుంటున్నవి చాలావరకు ఆ వచ్చిపోయేవాటిలోనే ఉన్నాయని. "అది బ్రహ్మమే" అనడానికి అద్వైతులు కూడా కేవలం ధ్యానానుభవాన్ని సరిపెట్టుకోరు, శ్రుతిని, అంటే వేదవాక్యాన్ని, ప్రమాణంగా తీసుకుంటారు. అందువల్ల పది నిమిషాల నిశ్శబ్దం దొరకగానే ఆత్మసాక్షాత్కారమని రాసేసుకోవడం తొందరపాటు. ముందుగా చదివిన పేరు అనుభవం మీద వాలితే ఆ తర్వాత కనిపించేది పేరే.

దారిలో ఎదురయ్యే మిగతావాటిలో నిద్ర ముఖ్యమైనది. తల ముందుకు వాలడం, కలలాంటి తునకలు, అర్థంలేని మాటలు, ఒళ్లు ఒక్కసారి ఉలిక్కిపడటం, ఇవన్నీ నిద్ర అంచు గుర్తులు, సమాధికి సంబంధించినవి కావు. కళ్లు సగం తెరిచి నాలుగడుగుల దూరంలో నేలను చూడండి, తగ్గకపోతే నిలబడి చేయండి. రోజూ ఇదే జరుగుతుంటే మీకు కావాల్సింది రాత్రి ఇంకో గంట నిద్ర. భోజనం చేసిన రెండు గంటల్లోపు కూర్చోకండి. కాంతులు, రంగులు, నాదాలు, ఒళ్లు పెద్దదైనట్టో తేలుతున్నట్టో అనిపించడం, ఇవి ఏకాగ్రత పెరిగినప్పుడు కొందరికి వస్తాయి, కొందరికి అసలు రావు. రెంటిలో ఏదీ ప్రగతికి కొలత కాదు. వాటినీ దురదను చూసినట్టే చూడండి: ఎక్కడ, ఎలా, పక్కన "ఇంకా కావాలి" అన్న లాగుడు ఉందా? సమాధిపాదం 30వ సూత్రంలోని తొమ్మిది అంతరాయాల్లో భ్రాంతిదర్శనం, అంటే ఉన్నదాన్ని మరోలా చూడటం, ఒకటి. సంశయం, ఆలస్యం, చేరిన భూమికలో (స్థాయిలో) నిలవలేకపోవడం కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి, కాబట్టి మీ ఇబ్బందులు కొత్తవేమీ కావు.

ఇంతకంటే తీవ్రంగా తీసుకోవాల్సింది ఇంకొకటుంది. "నేను సాక్షిని, ఇవేవీ నావి కావు" అన్న మాటను బాధ నుంచి పారిపోవడానికి వాడుకుంటే మనిషి మొద్దుబారిపోతాడు. నిజంగా చూస్తున్నప్పుడు బాధ మరింత వివరంగా తెలుస్తుంది, దానితో పోరాటం తగ్గుతుంది. పారిపోతున్నప్పుడు బాధతో పాటు సంతోషమూ, ఎదుటివారి మీద ప్రేమా కూడా మసకబారతాయి. ఆ తేడా మీకంటే ముందు మీ చుట్టూ ఉన్నవారికి తెలుస్తుంది. లోకం అవాస్తవంగా అనిపించడం గంటల తరబడి ఉంటే, నిద్ర పట్టని ఉత్సాహం రోజుల తరబడి సాగితే, పాత భయానక సంఘటనలు ధ్యానంలో పదే పదే ముంచెత్తితే సాధన ఆపండి. కళ్లు తెరిచి నడవండి, పాదాల కింద నేలను గమనించండి, మనుషులతో మాట్లాడండి, తగ్గకపోతే మానసిక వైద్యుణ్ని కలవండి. బైపోలార్ సమస్య గానీ, భ్రాంతులు కలిగే జబ్బు గానీ ఇంతకుముందు వచ్చినవారు వైద్యుడికి చెప్పకుండా ఎక్కువసేపు కూర్చునే సాధనలు మొదలుపెట్టకూడదు. ధ్యానం బాగా కుదురుతోందని మందులు మానేయడం చాలా ప్రమాదం.

ఇప్పుడు మీ ప్రశ్నలో అసలు బాధకు వస్తాను: కూర్చున్నప్పుడు హాయి, లేచాక అదే కోపం. సాధనపాదం 4వ సూత్రం క్లేశాలకు, అంటే రాగం, ద్వేషం లాంటి మనసు బాధలకు, నాలుగు స్థితులు చెబుతుంది: ప్రసుప్తం (నిద్రలో ఉన్నది), తనువు (పలుచబడింది), విచ్ఛిన్నం (ఇంకో వృత్తి అడ్డురావడం వల్ల తాత్కాలికంగా తెగింది), ఉదారం (పూర్తిగా విజృంభించింది). ఊపిరి మీద ఏకాగ్రతలో ఉన్నప్పుడు కోపం విచ్ఛిన్నమై ఉంటుంది. లేవగానే అడ్డు తొలగుతుంది, కోపం యథాస్థానానికి వస్తుంది. మీకు జరుగుతున్నది అచ్చంగా ఇదే. క్లేశం పలుచబడాలంటే అది లేచే సమయంలో దాన్ని చూసి ఉండాలి. అందుకని వారానికి రెండుసార్లు, మనసు కుదిరాక, ఇటీవల కొంచెం చిరాకు కలిగించిన సంఘటనను తెలిసే తలుచుకోండి. పెద్ద గాయాలను కాదు, పదిలో మూడు మార్కుల చిరాకును. ఒంట్లో ఏం లేచింది, తోపుడు ఏ దిక్కుకు, శ్రోత ఎవరు, "నన్ను" అన్న మాట ఎప్పుడొచ్చింది? రెండు నిమిషాలు చూసి ఊపిరికి తిరిగి రండి. ఆ మనిషి మీదకు ఆలోచన పరుగెత్తుతుంటే ఆ రోజుకు వదిలేయండి.

కూర్చోని సమయంలో ఒకే ఒక గుర్తును ఎంచుకోండి. మీ కోపం దవడలో మొదలవుతుందని ధ్యానంలో తెలిస్తే, పగలంతా దవడే మీ గంట. బిగిసినప్పుడల్లా ఒక ఊపిరి వదలండి, అంతే, కోపాన్ని ఆపాలని చూడకండి. సాధన పనిచేస్తోందనడానికి నేను చూసే కొలతలు సాదాసీదావి: మాట అనేశాక పశ్చాత్తాపపడటం నుంచి అంటుండగా తెలియడానికి, అక్కడి నుంచి అనబోయే ముందు తెలియడానికి వస్తున్నారా? తప్పు ఒప్పుకోవడానికి పట్టే సమయం తగ్గుతోందా? ధ్యానంలో వచ్చిన వెలుగుల కంటే ఇవి నమ్మదగినవి.

కాలక్రమం ఇలా పెట్టుకోండి. మొత్తం నలభై నిమిషాలు: ఒళ్లు సర్దుకుని వదులు చేయడానికి అయిదు, ఊపిరికి పది, గమనింపుకు పదిహేను, చూచేవాడి వైపు తిరగడానికి అయిదు, చివరి అయిదు ఏ పనీ పెట్టుకోకుండా ఊరికే కూర్చోవడానికి. తేటగా లేని రోజున చూచేవాడి వంతును కూడా ఊపిరికిచ్చేయండి. నలభై కుదరని రోజున ఇరవై కూర్చోండి కానీ మానకండి. సమాధిపాదం 14వ సూత్రం చెప్పిన మూడు షరతులు దీర్ఘకాలం, ఎడతెగకపోవడం, శ్రద్ధ. వాటిలో జనం ఎక్కువగా తప్పేది రెండోది. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం వారంలో ఆరు ఖాళీలను పూడ్చదు.

లేవగానే, ఫోన్ ముట్టుకోకముందే, నోట్‌బుక్‌లో మూడు వాక్యాలు రాయండి. విశేషణాలు, కారణాలు, తీర్పులు ఉండకూడదు. "ఈరోజు చాలా ప్రశాంతంగా, దివ్యంగా ఉంది" పనికిరాదు. "చిన్నప్పటి పెంపకం వల్లే నాకీ భయం" అంతకంటే పనికిరాదు. "కడుపులో పట్టు, ఎడమవైపు. రేపటి మీటింగ్ మాటలు, శ్రోత అన్నయ్య. తలుపు చప్పుడుకు చిరాకు, పేరు పెట్టాక వచ్చింది." ఇలా ఉండాలి. నెల నిండేదాకా వెనక్కి తిప్పి చదవకండి, చదివితే మర్నాడు అవే వెతుక్కుంటారు. నెలయ్యాక ఒకేసారి మొత్తం చదివి, అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించిన శరీరభాగాన్నీ, ఎక్కువసార్లు వచ్చిన శ్రోతనూ గుర్తించండి. రెండో నెల గమనింపు పదిహేను నిమిషాలనూ ఆ రెండింటికే ఇవ్వండి.